జానెడు సందు

గంగాధరం ఇంటి పక్కన షెడ్డు కడతానన్నప్పుడు కోడలు వసంతమ్మ కాదనలేదు. పైగా పీడ వదిలిందనుకుంది. మామ కొయ్యపని మనిషి. పుత్తూరు సామిల్లులో వయసంతా ధారపోసి, సామిల్లు మూతపడ్డాక కార్వేటినగరంలోని సొంతింటి పంచలోనే పీటలూ బల్లలూ చేస్తూ వచ్చాడు. ఆ రంపపు పొట్టు ఎగిరి తిన్నగా ముందు గదిలోకే వచ్చేది. ముందు గదిలో వసంతమ్మ కుట్టుమిషను. పట్టు జాకెట్టు మీద పొట్టేమిటని ఆడవాళ్ళు మూతి విరిస్తే ఏం చెప్పాలో తెలియక ఆమె ప్రాణం విసిగిపోయేది.

"కొత్త సామాను కొనేంత శక్తి మనకు యాడుండాది లేమ్మా" అన్నాడు గంగాధరం. "తిరపతిలో పాత లాడ్జీలన్నీ పగలగొట్టి అంతస్తులు లేపతావుండారు. తలుపులు, కిటికీలు, ఇటికలు, అన్నీ సవగ్గా ఇస్తారు. ఏరి తెచ్చుకొనే ఓపికుంటే సాలు."

ఓపికకేం, ఆయన దగ్గర బోలెడుంది. వారం వారం తిరుపతి బస్సెక్కడం, ఏరిన సామాను జీపు జయరావు బండిలో వేయించి పంపడం. జయరావు అదే వీధివాడు. తిరుపతికి మనుషుల్ని చేరవేస్తాడు, వచ్చేటప్పుడు కబుర్లు మోసుకొస్తాడు. మొదట ఇటుకలు వచ్చాయి, ఒంటి నిండా పాత సున్నంతో. గంగాధరం కూర్చుని ఒక్కొక్కదాన్నే చెక్కి శుభ్రం చేశాడు. తర్వాత కిటికీ, రేకులు. ఆ తర్వాత రెండు రెక్కల తలుపు. ఒక రెక్క మీద లాడ్జి గది నంబరు పలక అలాగే ఉంది. లోపలి వైపు ఎర్ర రంగుతో 'గది ఖాళీ చేయునపుడు తాళము ఆఫీసులో ఇవ్వవలెను' అని రాసి ఉంది. వీధిలో ఆడవాళ్ళు అది చదివి పడీపడీ నవ్వారు. తలుపులకున్న వంకర మేకుల్ని కూడా ఆయన పారేయలేదు. రాతి మీద పెట్టి సుత్తితో సాపు చేసి కొబ్బరి చిప్పలో దాచాడు.

అంత పొదుపు మనిషి గోడ దగ్గరికొచ్చేసరికి ఏం చేశాడో చూడండి.

ఇంటికి ఆ పక్క నిక్షేపంలాంటి రాతిగోడ ఉంది. దానికి ఆనించి మూడు వైపులా లేపితే షెడ్డయిపోతుంది. నాలుగో గోడ ఇటుకలన్నీ మిగులు. కానీ గంగాధరం ఇంటిగోడను వదిలేసి, జానెడు ఎడంగా నాలుగో గోడకు దారం కట్టాడు. వసంతమ్మ కళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఇదేంది మామా? ఇంటిగోడ ఉండంగా మళ్ళా గోడేంది?"

"గాలి ఆడాల గదమ్మా" అన్నాడు ఆయన దారం మీంచి తల ఎత్తకుండానే.

"గోడకూ గోడకూ నడాన గాలి ఆడి ఎవురికి లాభం?"

"ఉంటాదిలే. నీకు తెల్దు."

నీకు తెలియదన్న మాటే వసంతమ్మకు ఒంటికి పడదు. ఆ రోజు అన్నంలోకి చారు తప్ప ఏమీ చేయలేదు. గంగాధరం చారన్నమే తిని, బాగుందని చెప్పి వెళ్ళాడు. దాంతో ఇంకా మండింది. ఏదో దాచేవాడు తప్ప ఆ చారును బాగుందని ఎవడంటాడు?

ఆ వైపుల గోడకు గోడ ఆనకుండా ఎవరు కడతారో ఆమెకు తెలుసు. భాగాలు పంచుకునేవాళ్ళు కడతారు. కోట వీధిలో అన్నదమ్ములు విడిపోయినప్పుడు చిన్నవాడు సరిగ్గా ఇలాగే జానెడు వదిలి గోడ లేపాడు. ఆ సందులో పిల్లి పడి చస్తే ఎవరు తీయాలో తేలక వీధి వీధంతా ముక్కులు మూసుకుని తిరిగింది. మరి ఈ ఇంట్లో భాగం ఎవరికి? గంగాధరానికి ఇద్దరే బిడ్డలు. కొడుకు ధనంజయ బస్సు కండక్టరు, వసంతమ్మ మొగుడు. కూతురు అలివేలమ్మ రేణిగుంటలో ఉంటుంది, నోరుగల మనిషి. పోయినసారి వచ్చినప్పుడు అన్నం తింటూ తింటూ, "నాయన ఇంట్లో నాకూ ఒక మూల ఉండాల గదా" అనేసింది. నవ్వుతూనే అంది. అలాంటి మాటలు నవ్వుతూనే అంటారు. ఇల్లా, ఇంకా ముసలాయన పేరు మీదే ఉంది.

వసంతమ్మకు ఆ ముందు గది పోతుందనే భయం. ఆమె బతుకంతా ఆ గదిలోనే ఉంది. ఒకసారి పోగొట్టుకుని చూసింది కూడా. అత్త నాగులమ్మ చెడ్డ నక్షత్రంలో పోయింది. అలా పోతే ఆ ఇంట్లో మనుషులుండకూడదు. అయ్యవారు పంచాంగం చూసి ఆరు నెలలు ఇల్లు మూయాలన్నాడు. మూశారు. ఊరి చివర వేరుశనక్కాయలు పోసుకునే కొట్టం ఒకటి అద్దెకు దొరికితే అందులో కాపురం. పెళ్ళి జాకెట్టు తెచ్చి ఆ కొట్టంలో ఎవరిస్తారు? అలాంటి చావు జరిగిన ఇంటివాళ్ళకు ఎవరిస్తారు? బేరాలన్నీ బజారు టైలరుకు పోయాయి. మళ్ళీ ఒక్కొక్క గడపా ఎక్కి బతిమాలి, తెగిన హుక్కులు ఊరికే కుట్టిచ్చి, వాళ్ళను తిరిగి రాబట్టుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఇప్పుడు అలివేలమ్మ వచ్చి షెడ్డులో దిగితే, రేపు ముందు గది నాదంటే?

అనుమానం పట్టిన మనిషికి కనిపించేవన్నీ సాక్ష్యాలే. షెడ్డు కిటికీ మరీ కిందికి పెట్టాడు. నిలబడి పనిచేసేవాడికి ఆ కిటికీలోంచి మోకాళ్ళకు తప్ప గాలి తగలదు. నేల ఒక మూలకు వాలుగా చేసి, నీళ్ళు పోవడానికి తూము వదిలాడు. కొయ్యపనికి నీళ్ళెందుకు? కాపురముండే వాళ్ళకు కావాలి నీళ్ళు. తలుపు సంగతి అడిగితే పెద్ద కొయ్యలు పట్టాలి కదా అన్నాడు. అదైనా ఒప్పుకోవచ్చు. మరి రంపం, చిత్రిక, ఉలులు అన్నీ ఇంకా ఇంటి పంచలోనే వేలాడుతున్నాయేం? షెడ్డుకు కప్పు పడి ఇన్నాళ్ళయినా ఒక్క ఉలి అటు పోలేదే!

పైగా చొక్కాల గోల ఒకటి.

"వసంతమ్మా, ఈ సొక్కా పక్కలు కొంచెం పట్టించు. వదులుగా ఉండాది" అని ఒకరోజు తెచ్చిచ్చాడు. పట్టించింది. నెల తిరక్కుండా మళ్ళీ తెచ్చాడు. ఈసారి రెండు వేళ్ళ మందం లోపలికి మడవాల్సి వచ్చింది. ఈ వయసులో ఒంటికి అతికినట్టు చొక్కాలు ఎవరికి చూపించడానికి? తిరుపతికి పోయేటప్పుడే మరి ఆ చొక్కాలు!

ఆ మంటలో జయరావు వచ్చి కిరసనాయిలు పోశాడు. జీపు ఆపి, స్టీరింగు దగ్గరే కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"సెప్పగూడదు గానీ వసంతక్కా, మీ మామను నిన్న తిరపతిలో సూసినా. లాడ్జి మెట్ల మీద కూసోనుండాడు. పక్కన ఒక ఆడమనిషి. ఆయమ్మ సెంబుతో నీళ్ళు తాపతా ఉండాది."

"నీళ్ళు తాపతా ఉందా?"

"నా కళ్ళారా సూసినానక్కా. భుజం కూడా పట్టుకోనుండాది."

వసంతమ్మ చేతిలో కత్తెర చేతిలోనే ఉండిపోయింది. ఓరి దేవుడా, ఇది కూతురికి కూడా కాదన్నమాట! అయితే రెండు రెక్కల తలుపు, తూము, కిటికీ, అన్నీ ఒక కొత్త కాపురానికన్నమాట! ధనంజయ డ్యూటీ దిగి ఇంటికి రాగానే చెప్పింది. అతను చెప్పులు కూడా విడవకముందే మొత్తం చెప్పేసింది. అతనికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

"మా నాయన మీదనా నీకు అనుమానం? మా యమ్మ పోయినంక ఆయన ఇంకొకరి మొగం సూసినాడా? నీకేమన్నా పిచ్చి పట్టిందామే? కట్టుకోనీ."

"అయితే ఆ సందేందో మీరే సెప్పండి."

"కొయ్యలకు చెద పట్టకుండా వదిలింటాడులే" అని మొగుడు అటు తిరిగి పడుకున్నాడు. ఈ ఇంట్లో మగవాళ్ళందరికీ ఆ సందుకు తలా ఒక కారణం దొరుకుతోంది. అసలు కారణం మాత్రం ఎవరూ చెప్పరు.

తర్వాతి వారం గంగాధరం మళ్ళీ తిరుపతి బస్సెక్కాడు. ఆ బస్సు అలా పోయిందో లేదో, రేణిగుంట నుంచి అలివేలమ్మ దిగింది. సంచి కింద పెట్టలేదు, మంచినీళ్ళు అడగలేదు. వాకిట్లోనే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"యేమ్మే వసంతా, మా నాయనను బయటికి తోసేదానికి షెడ్డు కట్టిస్తావుండావంట?"

జయరావు రేణిగుంటకూ మోశాడన్నమాట!

"నేను కట్టిచ్చేదేంది వదినా? నీకోసరం కడతావుండాడని నేను ఏడస్తావుంటే!"

"నాకోసరమా? నాకెందుకే షెడ్డు? నాకు రైల్వే కోటర్సు లేదా?"

"మరి ఆ పొద్దు మూల కావాలంటివే!"

"పండక్కొస్తే పండుకొనేదానికి ఒక మూల కావాలంటి. అంతమాత్రానికి ఇల్లు రాసియ్యమంటినా? నీకు గుండెకాయ యాడుండాదో గానీ అనుమానం మటుకు నిలువెల్లా ఉండాది!"

ఇద్దరూ గట్టిగానే మాటలనుకున్నారు. ఎదురింటివాళ్ళు బియ్యం ఏరుకుంటూ కూర్చుని ఒక్క మాట కూడా పోనివ్వలేదు. కాసేపటికి ఇద్దరి గొంతులూ ఎండిపోయాయి. తిట్టుకోవడం అయ్యాక చూస్తే, ఆ షెడ్డు ఇద్దరిలో ఎవరికోసమూ కాదని తేలింది. మరి ఎవరికోసం? జయరావు చెప్పిన ఆడమనిషి సంగతి వసంతమ్మ మింగలేక కక్కలేక చెప్పేసింది. అలివేలమ్మ ముఖం మాడిపోయింది.

"పా, తలుపు తీసి సూద్దాం" అంది.

తలుపుకు గొళ్ళెం తప్ప తాళం లేదు. లోపల చల్లగా ఉంది. కిందంతా లాడ్జి బాత్రూముల్లోని పగిలిన తెల్ల పలకలు ముక్కకు ముక్క అతికి పరిచాడు. పనిబల్ల లేదు. కొయ్య లేదు. పొట్టు కూడా లేదు. మధ్యలో ఒక లాడ్జి ఇనప మంచం, కొత్తగా నలుపు రంగు వేసింది. మంచానికి నేరుగా పైన దూలానికి ఇనప కొక్కెం.

"ఊయలకేమో" అంది వసంతమ్మ. అనుమానం అంత గట్టిగా ఉంది పాపం.

అలివేలమ్మ మంచం మీద కూర్చుంది. తర్వాత మెల్లగా వెనక్కి వాలి పడుకుంది. పడుకున్న మనిషి కళ్ళకు సరిగ్గా కిటికీ వచ్చింది. ఇంటిగోడ దాటి ముందుకొచ్చిన ఆ కిటికీలోంచి ఇంటి వాకిలి, తెరిచి ఉన్న తలుపు, లోపల కుట్టుమిషను, దాని ముందు ఖాళీ స్టూలు కనిపించాయి.

"ఈడ పండుకోనుంటే నువ్వు కనపడతావే" అంది అలివేలమ్మ. తర్వాత కొక్కెం వైపు చూసింది. "మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు గ్లూకోసు సీసా ఇట్లాంటి దానికే తగిలించిరి వసంతా."

వసంతమ్మ తూము వైపు చూసింది. రెండు రెక్కల తలుపు వైపు చూసింది. నలుగురు మంచాన్ని ఎత్తుకుంటే ఆనకుండా బయటికి పోయేంత వెడల్పు తలుపు. అప్పుడు చొక్కాలు గుర్తొచ్చాయి. ఊళ్ళో ఏ ఆడమనిషి ఒళ్ళు చేసిందో, ఎవరు చిక్కారో జాకెట్టు కొలత చూసి చెప్పేస్తుంది తను. అలాంటిది తన చేతుల్తో రెండుసార్లు పక్కలు పట్టించి, చొక్కా వదులైందనే అనుకుంది. చొక్కా ఎక్కడన్నా వదులవుతుందా? మనిషి తగ్గిపోయాడు. ఆమె గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం బస్సుకు గంగాధరం దిగాడు. చంకలో ఒక చెక్క, చేతిలో సంచి. షెడ్డు తలుపు తీసి ఉండడం, లోపల ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉండడం చూసి వాకిట్లోనే ఆగాడు. వసంతమ్మ లేచి వెళ్ళి చేతిలోని సంచి తీసుకుంది. అందులో ఆస్పత్రి మందుల కవరు, పెద్ద ఎక్స్‌రే ఉన్నాయి. ఆయన వద్దనలేదు.

"ఎప్పట్నించి నాయనా?" అని అలివేలమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

"ఊరికే ఉండవే, ఎదురింటోళ్ళు సూస్తావుండారు" అని గంగాధరం మంచం మీద కూర్చున్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఊపిరితిత్తుల్లో అంట. కోసి లాభం లేదన్యారు. అంతేలే. ధనంజయకు సెప్పొద్దండి. టికెట్లు కొట్టేటోడు, మనసు పాడుసేసుకుంటాడు."

"లాడ్జి కాడ ఆడమనిషి..." అంది వసంతమ్మ. అడగకుండా ఉండలేకపోయింది. అనుమానం అంత సులువుగా పోతుందా?

"ఆ కూలామెనా? పాపం, ఇటికలు మోసే మనిషి. నాకు కండ్లు తిరిగి కింద పడిపోతే మెట్ల మీద కూసోబెట్టి నీళ్ళు తాపింది. దేవతమ్మా ఆయమ్మ!"

వసంతమ్మ తల వంచుకుంది. కానీ ఒకటి ఇంకా మిగిలే ఉంది. "మరి ఆ సందెందుకు మామా? నిజం సెప్పండి. గాలి గీలి అనొద్దు."

గంగాధరం ఇంటిగోడ వైపు చూశాడు.

"మీ అత్త పోయేముందు మనమేం సేస్తిమి? లోపల పోగూడదని పంచలోకి తెచ్చి పండబెడితిమి. పంచంటే బయటే అనుకొంటిమి. అయ్యవారు వచ్చి ఏమనె? పంచ ఇంటికి ఆనుకోనుండాది, కప్పు ఒకటే, పంచలో పోయినా ఇంట్లో పోయినట్టే, మూయాల్సిందే అనె. మూస్తిమి." ఆయన మాట ఆపి దగ్గాడు. "ఆ పొద్దు నువ్వు మిషను నెత్తిన పెట్టుకోని వీదెంబడి నడిచి పోయినావు. నేను ఎనకాల్నే వస్తినే. ఎండలో నీ మెడ ఒణకతా ఉండె. నేను ఏ నచ్చత్రంలో పోతానో నా సేతిలో ఉండాదామ్మా? గోడయితే నా సేతిలో ఉండాది. అందుకే ఆనకుండా కడితి. నేను ఈడ పోతే ఈ షెడ్డు మూసుకోండి. ఆడ నీ మిషను ఆగదు."

వసంతమ్మ కళ్ళు తుడుచుకోలేదు. లేచి బయటికి వచ్చింది. షెడ్డు వెనక మిగిలిన ఇటుకలు పేర్చి ఉన్నాయి, పక్కన సగం వాడిన సిమెంటు బస్తా. చీర కొంగు నడుముకు దోపింది. సిమెంటులో ఇసుక పోసి నీళ్ళు కుమ్మరించి, చేత్తోనే కలపడం మొదలుపెట్టింది. గంగాధరం తలుపు పట్టుకుని బయటికి వచ్చేసరికి, ఆమె సందు మొగదలలో కూర్చుని ఇంటిగోడకూ షెడ్డుగోడకూ మధ్య మొదటి ఇటుక ఇరికిస్తోంది.

"అయ్యో అయ్యో, ఏం సేస్తావుండావమ్మా? ఆనించొద్దు! ఆనిస్తే ఒకటే ఇల్లయిపోతాది!"

"కానీండి."

"రేపు నేను ఏదన్నా సెడ్డ గడియలో..."

"మూస్తాము. ఆర్నెల్లు కాకుంటే ఏడాది మూస్తాము. మిషను నెత్తికెత్తుకొనేది నాకు తెలీని పనా మామా? బేరాలు పోతే మళ్ళా తెచ్చుకుంటా. ఇంట్లో మనిషిని జానెడు అవతల పడేసి, నేను ఈడ కూసోని జాకెట్లు కుట్టుకోవాల్నా? నన్ను అట్లాంటిదాన్ననుకొంటిరా మీరు?" ఆమె అరుస్తోంది. ఎదురింట్లో బియ్యం చేట పక్కన పెట్టేశారు. "వదినా, సూస్తా నిలబడినావేంది? ఆ మిగిలిన రేకు ఇట్ల లాక్కురా. కప్పు కూడా కలపాల."

అలివేలమ్మ ముక్కు చీదుకుని రేకు కోసం పరిగెత్తింది. గంగాధరం అక్కడే నిలబడ్డాడు. వద్దమ్మా అని ఇంకోసారి అన్నాడు, అన్నట్టు వినిపించలేదు. ఆయనకు ఏడుపొచ్చింది. దాన్ని దగ్గులాగా మార్చబోయాడు గానీ కుదరలేదు. వసంతమ్మ చూడనట్టే రెండో ఇటుక అందుకుని సిమెంటు మీద పెట్టింది. అది కదిలి పక్కకు జారింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది.

"ఎండు ఇటిక పెడతావుండావు" అన్నాడు గంగాధరం కండువాతో ముఖం తుడుచుకుంటూ. "ఎండుది పట్టదు. తడిపి పెట్టాల."

"అయితే తడిపియ్యండి."

ఆయన గోడ పట్టుకుని మెల్లగా బకెట్టు పక్కన కూర్చున్నాడు. ఒక ఇటుక తీసి నీళ్ళలో ముంచి, బుడగలు ఆగేదాకా పట్టుకుని, పైకి తీసి కోడలి చేతికిచ్చాడు.